ఆముదం చుక్కలు

మా మేనేజరు తిరుపతిరావు గారు టై కట్టుకునేవారు. బెజవాడ ఎండల్లో, సూర్యారావుపేటలో, మెడకు ఉరి బిగించుకున్నట్టు ఆ నీలం టెరిలిన్ టై లేకుండా ఆయన్ని నేను రెండేళ్ళలో ఒక్కరోజు కూడా చూడలేదు. ఈ సంగతి ముందే చెప్పడానికి కారణం ఉంది. ఈ కథలో ఆ టైకి కూడా ఒక పని పడింది.

మాది కంప్యూటరు ఆఫీసు. డెబ్బై తొమ్మిదిలో కూడా ఆ మాట ఊళ్ళో ఎవరికీ తెలీదు. చేరిన మొదటి రోజు రిక్షా అతనితో "కంప్యూటరు ఆఫీసుకి పోనీ" అంటే, తిన్నగా తీసుకెళ్ళి ఒక కాంపౌండరు గారి గుమ్మం ముందు దింపాడు. "జ్వరమా అమ్మా?" అని కూడా అడిగాడు పాపం. మద్రాసులో మూడు నెలలు ట్రైనింగు అయి వచ్చిన తిరుపతిరావు గారు, కార్డులు పంచ్ చేసే ఇద్దరు ఆడపిల్లలం, గుమ్మంలో ఒక వాచ్‌మన్. ఇంతే మా ఆఫీసు. ఇద్దరిలో నేను పెద్దదాన్ని, తెరేసమ్మను. చిన్నది హన్నా. మాది గుణదల మేరీమాత గుడి, వాళ్ళది ప్రొటెస్టెంట్ చర్చి. దానిమీద రోజుకో తగాదా పెట్టుకునేవాళ్ళం, మధ్యాహ్నం అన్నాల దగ్గర మళ్ళీ కూరలు మార్చుకునేవాళ్ళం.

కార్డంటే పోస్టుకార్డు కాదు. చెయ్యెడల్పు అట్టముక్క. మేం మీటలు కొడితే అందులో చిన్నచిన్న కంతలు పడతాయి. ఆ కంతలే అక్షరాలు. ఆ కార్డుల్ని కంప్యూటరు చదువుకుని అద్దాల గదిలో ఉన్న డిస్కు మీదికి ఎక్కించుకుంటుంది. డిస్కంటే ఆరు గుండ్రటి ప్లేట్లు, ఒకదాని మీద ఒకటి, ఇడ్లీ స్టాండులాగా. దాన్ని బియ్యం డ్రమ్మంత పెట్టెలో దించి మూత పెడితే గిర్రున తిరుగుతుంది. ఆ పెట్టె మాకున్నది ఒక్కటే. ఆ గదిలోకి చెప్పులు రాకూడదు, దుమ్ము రాకూడదు, తలలో పువ్వులు రాకూడదు. తుమ్మొస్తే బయటికి పరిగెత్తాలి. గర్భగుడిలో పూజారికైనా అంత మడి ఉండదు, తిరుపతిరావు గారికి ఉండేది.

ఆ ఏడాది డిస్కు మీద ఉన్నది దివిసీమ జాబితా. ఉప్పెనలో పాడిగేదెలు పోగొట్టుకున్న ఇళ్ళకు కొత్త గేదెల్ని ఇవ్వడానికి ఒక సహాయ సంఘం పూనుకుంది. నాలుగు వేల మూడు వందల పన్నెండు ఇళ్ళు. కార్డులు కొట్టడానికి మాకు రెండు వారాలు పట్టింది గానీ, తప్పులు దిద్దడానికి మూడు నెలలు పట్టింది. ఒక్క ఊళ్ళోనే పదకొండుమంది శౌరమ్మలు, అందులో నలుగురిది ఒకటే ఇంటిపేరు. ఏ శౌరమ్మ ఏ శౌరమ్మో తేల్చుకోవడానికి ఊళ్ళకు ఉత్తరాలు రాసి, జవాబులు తెప్పించుకుని, ఒక్కొక్క పేరే సరిచేశాం. ఆ నలుగురిలో ఒకామె మా సొంత మేనత్త. ఉప్పెన రోజున తాటిచెట్టు పట్టుకుని తను బతికింది, గేదె బతకలేదు. ఆమె కార్డు నేనే కొట్టాను.

దిద్దడం అయ్యేసరికి జాబితా అచ్చువేసే కాగితం అయిపోయింది. అది మద్రాసు నుంచి రావాలి. ఫిబ్రవరి ఎనిమిది, గురువారం పొద్దున్న వచ్చింది. పన్నెండో తారీకు, సోమవారం నాటికి జాబితా సంఘం వాళ్ళ చేతికి ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆ గేదెలు పక్క జిల్లాకు పోతాయని వాళ్ళు ముందే చెప్పారు.

కాగితం మిషనుకు ఎక్కించి తిరుపతిరావు గారు మీట నొక్కారు. అయిదు నిమిషాలు బాగానే నడిచింది. తర్వాత ఆ డ్రమ్ములోంచి ఒక చప్పుడు వచ్చింది. సుయ్‌మని సాగి, కిచకిచమని, టప్‌మని ఆగింది. ఎర్రలైటు వెలిగింది. ఆపి మళ్ళీ వేశారు. ఈసారి రెండు నిమిషాలు. మూడోసారి నిమిషం కూడా నిలవలేదు. ఆ చప్పుడు నాకెక్కడో బాగా తెలిసిన చప్పుడే. ఎక్కడ విన్నానో మాత్రం ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు.

తిరుపతిరావు గారు మద్రాసుకు అర్జెంటు ట్రంకాల్ బుక్ చేశారు. గంటన్నరకు దొరికింది. ఆయన ఫోనులో అరిచిన అరుపులకు కింద బట్టలకొట్టు వాళ్ళు మెట్లెక్కి వచ్చారు. ఫోను పెట్టేసి టై సర్దుకుని మా వైపు తిరిగారు.

"ఇంజనీరు మంగళవారం గానీ రాలేడట. డిస్కు పోతున్నట్టుంది, దాంతో పెట్టుకోవద్దు, కార్డుల్లోంచి మళ్ళీ ఎక్కించుకోండి అన్నాడు. పక్క ఊళ్ళో ఇంకో ఆఫీసు వాళ్ళ మిషను మీద ఒక్క పూటలో అయిపోతుంది. నయం, మనకి కార్డులున్నాయి. తెరేసమ్మా, ఆ పెట్టెలు తీయించండి."

నేను హన్నా వైపు చూశాను. హన్నా తన కాళ్ళ వైపు చూసుకుంది.

జరిగింది చెబుతాను. జనవరిలో ఆయనే అన్నారు, "ఆ కార్డుల పెట్టెలు కాళ్ళకు తగులుతున్నాయి, అడ్డం తీసేయండమ్మా" అని. గోడౌనులో పెట్టించమని ఆయన భావం. అది నాకు తెలియకపోలేదు. కానీ సరిగ్గా అప్పుడే గుణదల ఉత్సవాలకు కొండదారి పొడుగునా చుక్కలు కట్టే పని మా పేట వాళ్ళకు పడింది. వెదురు పుల్లలకు రంగు కాగితం అంటించి లోపల బల్బు పెట్టే చుక్కలు. రంగు కాగితానికి చందాలు చాల్లేదు. మా కార్డులేమో గులాబి, నీలం, లేత పసుపు రంగుల్లో, గట్టిగా, అందంగా ఉన్నాయి. పేర్లు డిస్కు మీద భద్రంగా ఉన్నాయి కదా, తీసేయమంటే తీసేశాం కదా అనుకున్నాను. మనసుకు కావలసిన అర్థం వెతుక్కోవడంలో నేనెప్పుడూ వెనకబడలేదు. చుక్కకు పది కార్డులు చొప్పున నాలుగొందల ముప్పై ఒక్క చుక్కలు. ప్రొటెస్టెంటు పిల్లయినా మడతలు పెట్టడంలో హన్నా చెయ్యే చెయ్యి. సగం చుక్కలు తనే చేసింది. మిగిలిన రెండు కార్డులూ తన బైబిల్లో గుర్తుకు పెట్టుకుంది.

"గోడౌనులో ఉన్నాయండీ. తెస్తాం" అన్నాను. అంత అబద్ధం నా నోట్లోంచి అంత సాఫీగా ఎలా వచ్చిందో మేరీమాతకే తెలియాలి.

బస్సెక్కి గుణదల చేరేసరికి పన్నెండయింది. మర్నాటి నుంచే ఉత్సవాలు. బళ్ళమీద, బస్సుల్లో, కాలినడకన జనం అప్పటికే దిగుతున్నారు. కొబ్బరికాయల కొట్లు, కొవ్వొత్తుల కొట్లు, జీళ్ళ కొట్లు. కొండదారికి రెండువైపులా మా చుక్కలు గాలికి ఊగుతున్నాయి. వాటిని చూసి వారం కిందట ఎంత మురిసిపోయానో, ఇప్పుడు అంత ఏడుపొచ్చింది.

"అక్కా, ఒకటి విప్పి చూద్దామా?" అంది హన్నా.

విప్పాం. మైదా జిగురుకి కార్డులు ఒకదానికొకటి కరుచుకుపోయాయి. మడతల దగ్గర పగుళ్ళు. పుల్ల గుచ్చిన చోట కొత్త కంతలు. వీటిని ఏ మిషనూ చదవదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఏమిటో ఆ మెట్టు మీద కూర్చుని నేర్చుకున్నాను.

"ఏంటే అమ్మాయ్, పండగ పూట ఆ మొహం ఏంటి?"

తలెత్తితే మా నాన్న. పేరు బాలశౌరి. చల్లపల్లి దగ్గర బియ్యం మిల్లులో ముప్పై ఏళ్ళు ఇంజను నడిపాడు. మిల్లుల్లో ఆ పనిచేసేవాణ్ణి డ్రైవరనే అంటారు. ఏటా ఉత్సవాలకు రెండు రోజులు ముందే వచ్చి ఇక్కడ లైట్లు కట్టేవాళ్ళకు సాయం చేస్తాడు. నిచ్చెన మీంచి మమ్మల్ని చూసి దిగొచ్చాడు.

నాన్నను చూడగానే ఆపుకున్నదంతా బయటికొచ్చింది. డిస్కు సంగతి, కార్డుల సంగతి, నేనాడిన అబద్ధం సంగతి, మేనత్త గేదె సంగతి అన్నీ ఏకరువు పెట్టాను. ఆయన తిట్టలేదు. తిడితే బావుండుననిపించింది.

"సరే గానీ, ఆ మిషను ఎట్టా చచ్చిపోయింది? ఏం చప్పుడు చేసింది?"

"అది చెప్తే తెలీదు నాన్నా."

"చెప్పమన్లేదు. చెయ్యి."

గుణదల కొండ మెట్టు మీద, అంతమంది యాత్రికుల మధ్య, ఇరవయ్యెనిమిదేళ్ళ దాన్ని, ఉద్యోగస్తురాల్ని, బుగ్గలు పూరించి ఆ చప్పుడు చేశాను. "సుయ్‌య్‌య్‌... కిచకిచకిచ... టప్!" కొవ్వొత్తి పట్టుకుని పోతున్న ఒక ముసలమ్మ ఆగి, నాకేదో గాలి సోకిందనుకుని, నా నుదుటి మీద సిలువ గుర్తు వేసి మరీ వెళ్ళింది. హన్నా నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది.

నాన్న మాత్రం నవ్వలేదు. "మళ్ళీ చెయ్యి" అన్నాడు. చేశాను. "వేసిన వెంటనే వస్తందా, కాసేపు తిరిగాకా?"

"మొదటిసారి అయిదు నిమిషాలు బాగానే తిరిగింది. తర్వాత తర్వాత తొందరగా ఆగిపోయింది."

"అంటే వేడెక్కేకొద్దీ. దానికి బెల్టుందా?"

ఉంది. నెలకోసారి తిరుపతిరావు గారు పక్క తలుపు తీసి లోపల దుమ్ము చూసేటప్పుడు నేనూ చూశాను. కింద మోటారు, పైన ఇరుసు, రెంటికీ మధ్య చెయ్యి వెడల్పు లేని పల్చటి బెల్టు. ఉందని తలూపుతుండగానే ఆ చప్పుడు ఎక్కడ విన్నానో నాకు గుర్తొచ్చింది. చిన్నప్పుడు మిల్లులో నాన్నకు క్యారేజీ తీసుకెళ్ళేదాన్ని. బియ్యం ఆడే హల్లరులో వడ్లు ఎక్కువ పోసినప్పుడు ఇంజను బెల్టు జారుతూ అచ్చం ఇలాగే కీచుమనేది. నాన్న చేతిలో ఉన్న ముద్ద కంచంలో పడేసి పరిగెత్తేవాడు.

"నాన్నా! బెల్టు జారుతోంది!"

"మరి అదే కదే నేనంట! నీ ప్లేట్లకేం కాలేదు. తిరగాల్సినంత వేగం తిరగట్లా. పద."

"పద అంటే ఎక్కడికి? లోపలికి దుమ్మే రానివ్వరు, నిన్ను రానిస్తారా?"

"నేను స్నానం చేసే ఉన్నానే" అన్నాడు నాన్న, నొచ్చుకుని.

ఆఫీసు గుమ్మంలోనే తిరుపతిరావు గారు ఎదురయ్యారు. కళ్ళు నా చేతుల కోసం వెతికాయి. పెట్టెల్లేవు. పక్కన పంచె, బనీను, భుజం మీద తుండుతో ఒక పెద్దాయన ఉన్నాడు.

"మా నాన్నగారండీ. ఇంజను డ్రైవరు."

"ఆహా, రైల్వేలోనా? రండి, రండి. కూర్చోండి" అన్నారు ఆయన. రైళ్ళ ఊళ్ళో ఆ మాటకున్న గౌరవం అది.

"రైల్వే కాదు బాబుగారూ, బియ్యం మిల్లు" అన్నాడు నాన్న. దాచిపెట్టడం మా ఇంట్లో నాకొక్కదానికే వచ్చు.

ఇక దాచలేకపోయాను. "కార్డులు లేవండీ. గోడౌనులో లేవు. గుణదల కొండ మీద ఉన్నాయి. చుక్కలు చేసి కట్టేశాం. తప్పు నాది, హన్నాది కాదు" అని ఒక్క ఊపిరిలో చెప్పేశాను.

ఆయన మొహం తెల్లగా పాలిపోయింది. "చుక్కలా? ఎన్ని చుక్కలు?"

"నాలుగొందల ముప్పై ఒకటి."

ఆయన కుర్చీలో కూలబడ్డారు. అరుస్తారనుకున్నాను. ఉద్యోగం ఊడిందనే అనుకున్నాను. ఆయన అరవలేదు. టై చివర వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ ఉండిపోయారు. అప్పుడు నాన్న బెల్టు మాట ఎత్తాడు. కొండ మీద నేను చేసిన చప్పుడు తనూ ఒకసారి చేసి చూపించాడు. నాకంటే బాగా చేశాడు.

"బెల్టా!" అన్నారు తిరుపతిరావు గారు, అదేదో పోలీసులు వచ్చారన్నంత కంగారుగా. "లోపల ముట్టుకోకూడదండీ. కంపెనీ వాళ్ళు తప్ప ఎవరూ ముట్టుకోకూడదు."

"ముట్టుకోనండీ. చూస్తాను. మంగళవారం దాకా ఎట్టాగూ చచ్చిందే గదా" అన్నాడు నాన్న.

కాళ్ళు రెండుసార్లు కడిగించి, తుండు బయట పెట్టించి, నాన్నను అద్దాల గదిలోకి పంపాం. కరెంటు తీసేసి తిరుపతిరావు గారే పక్క తలుపు విప్పారు. నాన్న గొంతుక్కూర్చుని తల లోపలికి పెట్టాడు. కాసేపు చూశాడు. తర్వాత వాసన చూశాడు. తల బయటికి తీసి మా ముగ్గురినీ వరసగా చూశాడు.

"ఆముదం" అన్నాడు.

"ఏంటి?" అన్నాను.

"ఆముదం వాసనే. బండి ఇరుసుకి వేసే ఆముదం. ఇదుగో, ఇరుసు మీంచి కారి బెల్టుకంతా పట్టింది. నున్నగా మెరుస్తంది చూడు. వేడెక్కితే పల్చబడి జారుద్ది." వేలితో తాకి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "మంచి సరుకే. గానుగాముదం."

నేను హన్నా వైపు చూశాను. హన్నా అడ్డంగా తల ఊపింది. అప్పుడు ఇద్దరం కలిసి తిరుపతిరావు గారి వైపు చూశాం. దొంగకు తేలు కుట్టినట్టు ఉన్నారాయన.

"ఎన్ని చుక్కలు వేశారు బాబుగారూ?" అన్నాడు నాన్న మెల్లిగా.

"రెండు" అన్నారు తిరుపతిరావు గారు. కాసేపాగి, "నాలుగు" అన్నారు. ఇంకాసేపాగి, "క్రితం శనివారం ఒకసారి, సోమవారం ఒకసారి. కిర్రుకిర్రుమంటుంటే... మా నాన్నగారు ఎప్పుడూ అనేవారండీ, బండి కిర్రుమంటే ఎద్దు మెడ నొస్తుందని. మా ఇంట్లో ఏది కిర్రుమన్నా ఆముదమే. తలుపుకీ, ఉయ్యాలకీ, కుట్టు మిషనుకీ. ఊరి నుంచి మా అమ్మ సీసా పంపిస్తుంది. నాకు తెలియకుండానే నా చెయ్యి..." అని ఆపేశారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మంగళవారం ఇంజనీరు వచ్చి తలుపు తీస్తే వాసనకే పట్టేస్తాడు. పొద్దున్నించీ నేను చస్తున్నాను తెరేసమ్మా. కార్డులున్నాయి కదా అనే ధైర్యంతో బతికున్నాను."

నాకు ఒక్కసారిగా ఆ మనిషి మీద ప్రేమ పుట్టుకొచ్చింది. రెండేళ్ళుగా ఆయన్ని చూసి ఎంత భయపడ్డాం! మద్రాసు ట్రైనింగు, టై, మడి, వాటన్నిటి కిందా ఇదిగో ఈ రైతుబిడ్డ ఆముదం సీసాతో దాక్కుని ఉన్నాడు. నేను కట్టినవి చుక్కలే, ఆయన వేసినవీ చుక్కలే. అదే పైకి అనేశాను. ముందు హన్నా కిసుక్కుమంది. తర్వాత నాన్న. ఆఖరికి తిరుపతిరావు గారు కూడా, ఏడుపూ నవ్వూ కలిసిపోయి, అద్దాల గదిలో పడీపడీ నవ్వారు. ఆ గదిలో ఎవరైనా నవ్వడం అదే మొదలు.

"నవ్వుకోవచ్చు గానీ, పని చూద్దాం" అన్నాడు నాన్న.

మిల్లులో అయితే జారే బెల్టుకు గుగ్గిలం పొడి కొడతారు. ఆ మాట వినగానే తిరుపతిరావు గారు రెండు చేతులూ అడ్డం పెట్టేశారు. పొడి ఆ ప్లేట్ల మీద పడితే నిజంగానే డిస్కు పోతుంది. "అయితే పొడి వద్దు. తుడుద్దాం" అన్నాడు నాన్న. హన్నా పరిగెత్తి మందులషాపు నుంచి స్పిరిటు సీసా తెచ్చింది. తుడవడానికి గుడ్డ కావాలి. నాన్న తుండు తెమ్మన్నాడు.

"నూలుగుడ్డ వద్దండీ. నూగు రాలుతుంది" అన్నారు తిరుపతిరావు గారు. నా చీర నూలు. హన్నా వోణీ నూలు. నూగు రాలని గుడ్డ ఆ ఆఫీసులో ఒక్కటే ఉంది. అందరం దాని వైపే చూశాం.

ఆయన ఒక్క క్షణం మెడ తడుముకున్నారు. తర్వాత ముడి విప్పి, టైని రెండు చేతులతో నాన్నకు అందించారు.

ఆ టైతో, స్పిరిటుతో, నాన్న ఇరుసు తుడిచాడు, మోటారు చక్రం తుడిచాడు, బెల్టు విప్పి అంగుళం అంగుళం తుడిచాడు. నీలం టై నల్లబడింది. బెల్టు లోపలి వైపు నున్నబడిపోయిందని తిరగేసి వేశాడు. మోటారును లాగిపట్టే స్ప్రింగును ఒక్క కంత అవతలికి తగిలించాడు. "మిల్లుకీ దీనికీ తేడా ఏం లేదమ్మాయ్, ఇది చలవగదిలో కూర్చుంది, అంతే" అన్నాడు తలుపు బిగిస్తూ.

స్పిరిటు ఆరేదాకా అరగంట ఆగాం. నేను లోపల్లోపల జపమాల చెప్పుకున్నాను. హన్నా కళ్ళు మూసుకుని తన ప్రార్థన తను చేసుకుంది. తిరుపతిరావు గారి పెదాలు కూడా కదులుతున్నాయి, దుర్గమ్మకు ఏం మొక్కుకున్నారో.

మీట నొక్కారు. హుమ్మని లేచింది. వేగం అందుకుంది. అయిదు నిమిషాలు. పది నిమిషాలు. నాన్న పెట్టె మీద చెవి ఆనించి, వేలెత్తి మమ్మల్ని ఆగమన్నాడు. పావుగంటకు వేలు దించాడు.

"ఇంక నడిపించండి."

అచ్చుమిషను దడదడలాడింది. కాగితం మడతలు మడతలుగా కింద పేరుకుంటూ ఉంటే, మొదటి పేరు చూసి హన్నా గట్టిగా కేక పెట్టింది. పేర్లన్నీ ఇంగ్లీషు పెద్దక్షరాల్లో ఉన్నాయి. నాన్నకు ఇంగ్లీషు రాదు. "మన శౌరమ్మది వచ్చినప్పుడు చెప్పవే" అని నా పక్కనే నిలబడ్డాడు. పదకొండుమంది శౌరమ్మలు వరసగా వచ్చారు. ఏడోది మా అత్త. చూపించాను. నాన్న ఆ వరసను వేలితో తాకబోయి, వేలికి ఆముదం ఉందని గుర్తొచ్చి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. చెల్లెలి పేరు చూస్తూ తుండు కోసం భుజం తడుముకున్నాడు. తుండు బయట ఉంది. మోచేత్తోనే కళ్ళు తుడుచుకున్నాడు.

సాయంత్రం ఆరుకల్లా ఆఖరి పేరు కూడా పడింది. శుక్రవారం పొద్దున్నే తిరుపతిరావు గారు జాబితాను చంకలో పెట్టుకుని సంఘం ఆఫీసుకు తనే వెళ్ళి ఇచ్చి వచ్చారు. సోమవారానికి మూడు రోజుల ముందు! ఆ తర్వాత నన్నూ హన్నానూ కూర్చోబెట్టి మొత్తం కార్డులు మళ్ళీ కొట్టించారు, అదీ రెండు కట్టలు. శిక్షంటే శిక్షే. తనూ మా పక్కన కూర్చుని ఒక్కో కార్డూ సరిచూశారు కాబట్టి నోరెత్తలేదు. మంగళవారం వచ్చిన ఇంజనీరుకు ఆముదం సంగతి దాచకుండా చెప్పారట. అతను కొత్త బెల్టు వేసి, పాత బెల్టును మద్రాసులో చూపించుకుంటానని పట్టుకుపోయాడు.

ఉత్సవాల ఆఖరి సాయంత్రం, ఆదివారం, దివిసీమ నుంచి మా అత్త గుణదల వచ్చింది. తిరుపతిరావు గారు కూడా భార్య పద్మావతమ్మ గారిని వెంటబెట్టుకుని వచ్చారు, మెడ ఖాళీగా. మేమంతా కొండదారిలో ఉండగా లైట్లు వేశారు. మా చుక్కల్లోని కంతలన్నిట్లోంచీ వెలుగు బయటికొచ్చింది. దారి మీద, జనం తలల మీద, భుజాల మీద ఆ కంతల వెలుగే. ఒక్కొక్క వరస కంతలు ఒక్కొక్క ఇంటి పేరు. తిరుపతిరావు గారు తలెత్తి నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయారు.

"ఇందులో నాది ఏదే?" అంది అత్త.

కంతలు చూసి అక్షరాలు చదవడం నాకు వచ్చు. ఒక ముప్పై చుక్కలు చూశాను. మెడ నొప్పెట్టింది. నాలుగొందల్లో ఎక్కడని వెతకను? అందరికంటే పెద్దగా మెరుస్తున్న దాన్ని చూపించి, "అదిగో, అదే" అన్నాను. ఆ వారంలో నేనాడిన రెండో అబద్ధం. దీనికి మాత్రం గుళ్ళో ఫాదరు గారి దగ్గర పాపసంకీర్తనం చెప్పుకోలేదు. అత్త ఆ చుక్క కింద నిలబడి చేతులు జోడించుకుంది.

ఏప్రిల్ నెలాఖరులో ఒక మధ్యాహ్నం అత్త మా ఆఫీసుకు వచ్చింది. చల్లపల్లి బస్సు దిగి, తడిగుడ్డ చుట్టిన క్యాను నెత్తిన పెట్టుకుని మెట్లెక్కింది. సంఘం వాళ్ళిచ్చిన గేదె ఈనింది. జున్ను తెచ్చింది.

"ముందు దానికి పెట్టాలి" అంది అద్దాల గదివైపు చూపించి.

తిరుపతిరావు గారు తలుపుకు అడ్డంగా నిలబడ్డారు. "ఆ గదిలోకి ఇంకేం వెళ్ళవమ్మా. ఒకసారి నేను పెట్టింది చాలు" అని ఆముదం కథంతా తనే చెప్పారు. ఆ రోజుల్లో ఎవరు దొరికినా చెబుతుండేవారు.

అత్త శ్రద్ధగా వింది. "అందులో తప్పేముందయ్యా? ఈనేముందు నా గేదెక్కూడా ఆముదమే పట్టాను. మనకేది తెలిస్తే అదే పోస్తాం" అంది.

వసారాలో అందరం చాప మీద కూర్చున్నాం. మిరియాలూ యాలకులూ వేసి, బెల్లంతో వండిన గట్టి జున్ను. తిరుపతిరావు గారు రెండోసారి వడ్డించుకున్నారు. అత్త మాత్రం తినకుండా అద్దంలోంచి ఆ డ్రమ్ము వైపే చూస్తోంది.

"అయ్యా, నా పేరు ఇంకా అందులోనే ఉందా?"

"ఉందమ్మా" అన్నారు ఆయన గర్వంగా. "డిస్కు మీద ఉంది, కార్డుల్లో రెండుచోట్ల ఉంది. ఇంక ఎప్పటికీ పోదు."

"అయితే తీసెయ్యండి" అంది అత్త. "నాకు గేదె వచ్చేసిందిగా. మా పక్కింటి మాణిక్యానికి రాలేదు. ఆ చోట్లో దాని పేరు రాయండి."

తిరుపతిరావు గారు చేతిలో ముద్ద కింద పెట్టేశారు. తర్వాత చెయ్యి కడుక్కుని, లోపలికి వెళ్ళి ఒక కొత్త కార్డు తెచ్చి నా ముందు పెట్టారు.

"తెరేసమ్మా, కొట్టండి. ఇంటిపేరు అడిగి కొట్టండి."